ఫిరంగి ముందరి సముద్రము

ఒడిశా రాష్ట్రమున బాలాసోరు పట్టణమునకు చేరువనున్న చాందీపురు తీరమున సముద్రము ఆటువేళ వెనుకకు తగ్గి, ఒక్కొక్కప్పుడు ఐదు కిలోమీటర్ల మేర నేలను బయటపెట్టి, మరల పోటువేళ వచ్చి దానిని కప్పివేయును. విహారార్థమై వచ్చువారికిది వింత. పందొమ్మిదవ శతాబ్ది చివర ఆ తీరమును పరిశీలించిన బ్రిటిషు సైనికాధికారులకు మాత్రము గొప్ప వసతి. పోటున నీటిమీదికి కాల్చిన గుండు ఆటున బురదలో దొరకును; దొరికినదానిని తెచ్చి, అది ఎట్లు పగిలినదో, ఎట్లు పగులక నిలిచినదో సావకాశముగా పరీక్షింపవచ్చును. ఇంగ్లండున థేమ్సు నదీముఖము చెంత షూబరీనెస్సు అనుచోట ఇట్టి ఇసుకతిన్నెలపైననే వారు అంతకుముందు ఈ యుక్తిని సాధించియుండిరి. 1895లో చాందీపురున ఫిరంగులను, మందుగుండును పరీక్షించు సంస్థ వెలసినది. నాటినుండి ఆ నీటికి ఇరువురు హక్కుదారులు: వల వేయువాడొకడు, గురి పెట్టువాడు వేరొకడు. ఇరువురును ఒక్క గడియలో దానిని వాడుకొనజాలరు గనుక ఒకడు తొలగవలసియుండును. తొలగునది ఎల్లప్పుడును పడవయే.

తొలగవలసినది ఎంత దూరమని సామాన్యునకు సందేహము కలుగును. గురి ఒకచోట నున్నప్పుడు దాని చుట్టు నాలుగు బారల నీటిని విడిచిపెట్టిన చాలదా? చాలదు. మందు తగ్గిన గుండు గురికి ముందే రాలును, గాలి తోడైన దానిని దాటిపోవును. అన్నిటికంటె ప్రమాదకరమైనది, వాలుగా వచ్చి నీటిని తాకిన గుండు మునుగక, పిల్లలు చెరువులో విసరిన పెంకువలె కప్పగంతులు వేయుచు ఊహింపరాని దిక్కునకు ఎగిరిపోవుట. కావున ప్రమాదవలయము గురికంటె ఎన్నో రెట్లు పొడవుగాను, దూరమునకు పోయినకొలది వెడల్పుగాను ఏర్పడును. ఇక క్షిపణుల విషయమున చెప్పవలసినదే లేదు. ఇంధనము తీరి ఊడిపడు మొదటి అంచె ఒకచోటను, రెండవది మరియొకచోటను, దారి తప్పినదానిని ఆకాశముననే పేల్చివేసినచో దాని శకలములు ఇంకొకచోటను పడును; ఈ తావులన్నియు ప్రయోగవేళకు నిర్జనముగా నుండవలెను. పగలనిది అడుగున పడి, సంవత్సరముల తరువాత వలలో చిక్కునేమోయను భయము వేరు.

ఇంతకును సముద్రముపై రాజ్యమునకు అధికార మెక్కడిది? 1702లో బైంకర్‌షూక్ అను డచ్చి న్యాయశాస్త్రవేత్త దీనికొక సూత్రము చెప్పెను: తీరముననున్న ఫిరంగి గుండు ఎంతదూరము పోగలదో అంతవరకే ఆ తీరపు ప్రభువునకు సముద్రముపై అధికారము, ఆవల అది ఎవరి సొత్తును గాదని. 1782లో గలియానీ యను ఇటలీ పండితుడు ఆ దూరమును మూడు మైళ్లుగా లెక్కగట్టగా, చిరకాలము ఆ లెక్కయే చాల దేశములకు ప్రమాణమయ్యెను. నేడు ప్రాదేశిక జలములు పండ్రెండు నాటికల్ మైళ్లు. ఫిరంగి యెంతదూరము కాల్చగలదో దానినిబట్టి తీరవాసికి తన సముద్రమిదియని హద్దు గీచిన సూత్రమే, ఆ ఫిరంగిని కాల్చు దినమున వానిని ఆ హద్దులోపలినుండి వెడలగొట్టుటకు మూలాధార మగుట న్యాయశాస్త్రపు చమత్కారము గాక మరేమి?

ఈ అధికారమునకును కళ్లెమున్నది. 1982 నాటి అంతర్జాతీయ సముద్ర న్యాయ ఒడంబడిక ప్రకారము తీరరాజ్యము తన ప్రాదేశిక జలములలో, ఆయుధాభ్యాసాదుల కొరకు, అన్యదేశపు ఓడల రాకపోకలను నిలిపివేయవచ్చును. అయితే ఆ నిలుపుదల తాత్కాలికముగా నుండవలెను, నిర్ణీత ప్రదేశమునకే పరిమితము కావలెను, ఒక దేశపు ఓడకును వేరొక దేశపు ఓడకును భేదము చూపరాదు, ముందుగా ప్రకటింపక అమలు చేయరాదు. ఆవలి మహాసముద్రమున నిషేధించు హక్కు ఎవరికిని లేదు; హెచ్చరింపవచ్చును, అంతియే.

ఒక్కొక్క దేశము ఈ చిక్కును విప్పిన తీరు ఆ దేశపు స్వభావమును తెలుపును. బ్రిటిషు నౌకాపటములపై కాల్పుల అభ్యాసక్షేత్రములను గూర్చి ముద్రించు గమనికలో, ఆ జలముల గుండా పోవు హక్కునకు ఏ వేళయందును నిర్బంధము లేదనియు, నీరు నిర్జనముగా నున్నదని తోచినప్పుడే కాల్పులు జరుగుననియు చెప్పబడియుండును. అనగా బాటసారి ఓడ వచ్చినప్పుడు ఆగవలసినది ఫిరంగియే. అమెరికావారు మరియొక త్రోవ తొక్కిరి: సైన్యపు ఇంజనీర్ల శాఖ నదులలోను తీరజలములలోను ప్రమాదవలయములను నియమముల మూలమున ఏర్పరచి, ఏ వేళ మూయుదురో, ఎవరు కావలియుందురో అందు వివరించును. అయితే ఈ అధికారమును ఆహారమునకై చేపలు పట్టు వృత్తిని అకారణముగా అడ్డగించునట్లు వాడరాదని అచ్చటి శాసనమున స్పష్టముగా వ్రాసియున్నది. ఆ ఒక్క వాక్యమును చేర్చిన శాసనకర్త యెవరో గాని, చేపల రేవు సంగతి తెలిసినవాడే యని నా నమ్మకము.

కాని శాసనమొకటి, ఆచరణ మొకటి. పోర్టోరికోకు చెందిన వియేకెస్ అను చిన్న దీవిలో అధికభాగమును 1940 దశకమున అమెరికా నౌకాదళము తీసికొని, ఆరు దశాబ్దులు బాంబుల అభ్యాసమునకు వాడెను. 1978లో అచ్చటి మత్స్యకారులు తమ చిన్నపడవలతో యుద్ధనౌకల విన్యాసముల నడుమకు చొచ్చుకొనిపోయిరి. 1999లో గురితప్పిన బాంబులవలన స్థానికుడైన కావలివాడొకడు మరణించుటతో ఉద్యమము ప్రజ్వరిల్లి, 2003 మే 1వ తేదీన నౌకాదళము అచ్చట కాల్పులకు స్వస్తి చెప్పెను. ఇంతకంటె విషాదకరమైనది 1954 మార్చి 1న బికినీ దీవులలో జరిగిన హైడ్రోజను బాంబు పరీక్ష. జపానుదేశపు ట్యూనా పడవ యొకటి, ఇరువదిముగ్గురు నావికులతో, అమెరికా ప్రకటించిన ప్రమాదవలయమునకు వెలుపలనే యుండియు విషధూళి పాలయ్యెను. వారిలో నొకడు ఆ సెప్టెంబరులోనే మరణించెను. వలయమును గీచిన లెక్కయే తప్పినది; నావికులు మాత్రము గీత దాటలేదు.

మన దేశమున సైన్యము నేలపై జరుపు కాల్పుల అభ్యాసమునకు 1938 నాటి చట్టమొకటి యుండగా, సముద్రాభిముఖముగా ఫిరంగులు కాల్చుటకు 1949లో ప్రత్యేకముగా వేరొక చట్టము వచ్చినది. అభ్యాసక్షేత్రమును ముందుగా ప్రకటించుట, ప్రమాదవలయమునుండి మనుష్యులను పడవలను తొలగించుట మొదలగునవి యందున్నవి. దానితోబాటు, ఈ అభ్యాసమువలన ప్రజల దేహమునకు గాని, ఆస్తికి గాని, హక్కులకు గాని కలిగిన నష్టమునకు పరిహారము చెల్లింపవలెననియు నున్నది. పరిహారము దయాధర్మము గాదు, చట్టసమ్మతమైన బాకీ యనుటకు ఇంతకంటె నేమి కావలయును?

చాందీపురునకు మరల వత్తము. ఫిరంగులకు తోడు 1980 దశకమున క్షిపణులు వచ్చినవి. బాలాసోరు జిల్లాలోనే బాలియాపాల్ ప్రాంతమున జాతీయ పరీక్షాక్షేత్రమును నెలకొల్పదలచి భూసేకరణకు పూనుకొనగా, సారవంతమైన ఆ భూములను, తమ తమలపాకు తోటలను, చేపల రేవులను విడువనొల్లని రైతులును జాలరులును దారులకు అడ్డుకట్టలు కట్టి అధికారులను ఊళ్లలోనికి రానీయలేదు. ఆ క్షేత్రము అచ్చట వెలయలేదు. 1989 మే 22న అగ్ని క్షిపణి తొలిసారి ఎగసినది చాందీపురునుండియే. కాలక్రమమున దక్షిణమున ధామ్రా రేవుకు ఆవలనున్న వీలరు దీవియు ప్రయోగకేంద్రమయ్యెను. 2015లో దానికి అబ్దుల్ కలాం పేరు పెట్టిరి. చాందీపురున ప్రయోగము జరుగు దినమున సమీపగ్రామముల జనులను కొన్నిగంటలు శిబిరములకు తరలించి, పోయిన దినవేతనమునకు సొమ్ము చెల్లించుట వాడుకగా నున్నది. ఊరు విడిచినవాని పేరు పట్టికలో నెక్కును. వేటకు పోవలసియుండి పోనివానిని లెక్కించుట అంత సులభము గాదు. వాడు పోగొట్టుకొన్నది కూలి గాదు, ఆనాడు దొరకియుండు నేమోయను చేప. దానికి వెల కట్టుట ఏ గుమాస్తాకు సాధ్యము?

ఈ నష్టమును ఒక్క దినపు నష్టముగా చూచుట పొరపాటని నా అభిప్రాయము. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు చేపలు గుడ్లుపెట్టు కాలమని మర పడవలకు వేట నిషేధము. ధామ్రా సమీపమున గహిర్‌మఠా జలములలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల రక్షణకై నవంబరు నుండి మే వరకు వేరొక నిషేధము. తుపానులు, వాయుగుండములు ఎన్ని దినములు మ్రింగునో చెప్పజాలము. ఇవన్నియు పోగా మిగిలిన వేటదినములనుండియే ప్రయోగదినములును తీసివేయబడుచున్నవి. ఒక్కొక్క నిషేధమును విడిగా చూచినచో న్యాయముగానే తోచును; ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క శాఖ కలదు; అన్నిటిని కలిపి కూడిక వేయువాడు జాలరి యొక్కడే.

తెలుగుతీరమునకు ఈ ముచ్చట దూరపుది గాదు. బాపట్ల దాపున సూర్యలంకలో వాయుసేన తన క్షిపణులను సముద్రముపైకి ప్రయోగించి అభ్యసించు క్షేత్రము కలదు. కృష్ణాజిల్లా నాగాయలంక మండలమున, గుల్లలమోద వద్ద, మడ అడవుల చెంత మరియొక క్షిపణి పరీక్షాక్షేత్రమునకు 2025 మే 2న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. దేశరక్షణకు పరీక్షలు వలదని వాదించుట నా ఉద్దేశము గాదు. పరీక్షింపని ఆయుధము శత్రువునకంటె దానిని పట్టినవానికే హెచ్చు ప్రమాదము. నా విచారమంతయు హెచ్చరిక పడవదాక చేరు తీరును గూర్చియే.

ఈ ప్రాంతపు సముద్రములకు నావికహెచ్చరికలు జారీచేయు బాధ్యత దెహరాదూనులోని జాతీయ జలమానచిత్ర సంస్థది. అవి అక్షాంశ రేఖాంశములతో, ప్రపంచమంతటి ఓడలకు తెలియు సంకేతభాషలో వెలువడును. పెద్ద ఓడకు అది చాలును. గుడిగోపురమును తాడితోపుతో కలిపి చూచి, దీపస్తంభము ఏ దిక్కున నున్నదో కనిపెట్టి తన తావు నెరుగు తెప్పవానికి ఆ అంకెలు నిష్ప్రయోజనములు. వానికి చెప్పవలసినది ఫలాని మొగకు దక్షిణమున, దీపస్తంభము కనబడునంత దూరము, రేపు తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకని. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరకు తావులను తెలుగుతో సహా ప్రాంతీయభాషలలో మత్స్యకారులకు తెలుపుచునే యున్నది గదా! ఎచ్చట చేప యున్నదో చెప్పగల ఆ మార్గముననే, ఎచ్చట గుండు పడునో, ఏ గడియకు నీరు తెరువబడునో గూడ చెప్పవచ్చును. నీరు తెరువబడు గడియను చెప్పుట గుండు పడు తావును చెప్పుటకంటె ముఖ్యము. మూసినట్లు చాటింపు వేయువారు తెరచినట్లు చాటుట మరచినచో, ప్రయోగము వాయిదాపడిన దినమున గూడ పడవలు ఒడ్డుననే యుండిపోవును. నాగాయలంక చుట్టుపట్ల ఏ పల్లెలో ఎన్ని పడవలున్నవి, ఏ నెలలో ఏ మొగ గుండా వేటకు పోవుచున్నవి, సగటున ఎంత చేప తెచ్చుచున్నవి యను పట్టికను మత్స్యశాఖవారు తొలిక్షిపణి ఎగురకముందే గ్రామస్థుల యెదుట వ్రాసి ఉంచినచో, పరిహారమును లెక్కగట్టు దినమున ఎవరి మాట నమ్మవలెనను తగవు కలెక్టరు కచేరీదాక పోవలసిన పని యుండదు.