మీకు తెలుసా? మాట తప్పని బానిస యువరాజు

ఇంగ్లీషు నవలకు తొలి రూపాల్లో ఒకటిగా చెప్పే ‘ఒరునోకో’ 1688లో ఒక స్త్రీ కలం నుంచి వచ్చింది. ‘రాబిన్సన్ క్రూసో’ కంటే 31 ఏళ్ల ముందు! రచయిత్రి అఫ్రా బెన్. రచననే జీవనాధారం చేసుకున్న తొలి ఇంగ్లీషు మహిళల్లో ఆమె ఒకరు. అంతకుముందు రెండో చార్లెస్ రాజు తరఫున ఆంట్‌వెర్ప్‌లో గూఢచారిగా పనిచేశారు.

కథానాయకుడు ఒరునోకో ఇప్పటి ఘనా తీరంలోని కోరమాంటీన్ యువరాజు. విందుకని ఓడ మీదికి పిలిచిన ఇంగ్లీషు కెప్టెన్ అతనికి సంకెళ్లు వేసి, దక్షిణ అమెరికాలో అప్పటికి ఇంగ్లీషు వలస అయిన సూరినామ్‌లో అమ్మేస్తాడు. అక్కడ అతనికి పెట్టిన కొత్త పేరు సీజర్. ఒరునోకో ఇచ్చిన మాట కోసం ప్రాణమైనా ఇస్తాడు. అతన్ని బంధించినవాళ్లు పదేపదే మాట తప్పుతారు. తిరుగుబాటు చేసినప్పుడు, లొంగిపోతే క్షమిస్తామని నమ్మించి, కొరడాలతో ఒళ్లు చీల్చేస్తారు. బిడ్డ బానిసగా పుట్టకూడదని గర్భవతి అయిన భార్య ఇమోయిండాను ఆమె సమ్మతితోనే అతను చంపుకునే ఘట్టం చదవడానికి గుండె దిటవు కావాలి.

అయితే ఈ యువరాజు స్వదేశంలో యుద్ధఖైదీలను తానే బానిసలుగా అమ్మినవాడు! అందుకే దీన్ని బానిసత్వ వ్యతిరేక నవల అనేయడం తొందరపాటు. రచయిత్రి ఆగ్రహం ఆ వ్యాపారం మీద కంటే, ఒక రాజవంశీకుడికి జరిగిన అవమానం మీదే ఎక్కువగా కనిపిస్తుంది.

1695లో థామస్ సదర్న్ దీన్ని నాటకంగా మలిచినప్పుడు, నల్లజాతి ఇమోయిండాను తెల్ల యువతిగా మార్చేశారు.