అతిథికి తెరచిన తలుపు: మొరాకో దేశపు వేడుకలు

మన పాఠశాలలో చదివి, ఉద్యోగార్థమై విదేశములకు వెళ్లిన పిల్లలు పలువురు గలరు. వారి తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇతరుల పండుగలలో కలిసిమెలిసి తిరిగినచో మా బిడ్డ మన పండుగలను మరువడా?" ఈ సందేహమును తీర్చుటకై ఆఫ్రికా ఖండమున వాయవ్య మూలనున్న మొరాకో దేశపు ఆచారములను కొన్నింటిని ఇచ్చట వివరింపదలచితిమి.

మొరాకో ముస్లిం దేశము. అరబ్బులును, వారికంటె పూర్వమునుండియు ఆ నేలనున్న అమాజిగులును అచ్చటి ప్రజలు. అచ్చటి మసీదులలో పెక్కింటియందు అన్యమతస్థులకు ప్రవేశము లేదు. కాసాబ్లాంకా నగరమున 1993లో ప్రారంభమైన రెండవ హసన్ మసీదు సందర్శకులను లోనికి రానిచ్చు కొద్దివాటిలో నొకటి. అయినను ఇంటి తలుపు మాట వేరు. అది పరదేశికిని తెరచియే యుండును.

అతిథి రాగానే తేనీరు వచ్చును. చైనా పచ్చ తేయాకు, పుదీనా ఆకులు, దండిగా చక్కెర చేర్చి కాచిన ఆ తేనీటిని నురుగు వచ్చునట్లు ఎత్తునుండి చిన్న గాజు గ్లాసులలోనికి ధారగా పోయుదురు. దానిని వలదనుట మర్యాద కాదు.

శుక్రవారము మధ్యాహ్న ప్రార్థన ముగిసిన పిదప ఇంటింట కుస్‌కుస్ అను వంటకము వడ్డింతురు. గోధుమరవ్వను తడిపి, అరచేతులతో రాచి చిన్న గింజలుగా చేసి, ఆవిరిపై ఉడికించి, దానిపై కూరగాయలును మాంసమును ఉంచి పులుసు పోయుదురు. అందరును ఒకే పెద్ద పళ్లెము చుట్టు కూర్చుందురు. చేతితో తినువారు కుడిచేతితోనే, తమకెదురుగానున్న భాగమునుండియే తినవలెను. మంచి ముక్కలను ఇంటివారు అతిథివైపు జరుపుదురు. చాలునన్నను కొసరి కొసరి పెట్టుదురు. ఈ వంటకమునకు సంబంధించిన విద్యను, ఆచారములను 2020లో యునెస్కో మొరాకో, అల్జీరియా, ట్యునీసియా, మారిటేనియా దేశముల ఉమ్మడి వారసత్వముగా గుర్తించినది. మన శాకాహారులు ఒక్క సంగతి గమనింపవలెను: పైన కూరగాయలే కనబడినను, పులుసు సాధారణముగా మాంసముతో ఉడికినదై యుండును. కావున పిలుపు వచ్చినప్పుడే తమ నియమమును వినయముగా తెలుపవలెను. పళ్లెము ముందు కూర్చుండి నిరాకరించుట ఇరువురికిని కష్టము.

రంజాను మాసమున పగటివేళ ఉపవసించువారి యెదుట తినకుండుట అతిథి ధర్మము. సూర్యాస్తమయము కాగానే ఖర్జూరములతోను, పప్పు, శనగలు, టమాటాలతో కాచిన హరీరా అను చారుతోను ఉపవాసము విడుతురు. ఆ సమయమున పొరుగున ఒంటరిగానున్న పరదేశిని పిలుచుట వారికి సంతోషదాయకము.

ఇక మనము ముఖ్యముగా తెలిసికొనవలసినది అమాజిగుల నూతన సంవత్సరము. ఇది వ్యవసాయదారుల పండుగ. ఆనాడు వండు గంజివంటి పదార్థములో ఒక ఖర్జూరపు గింజను దాచి పెట్టుదురు. అది యెవరికి దొరకునో వారికి ఆ యేడు అదృష్టమని నమ్మకము. అమాజిగు భాష చిరకాలము ఇండ్లలోను, వేడుకలలోను, పాటలలోను నిలిచినది. 2003లో అది పాఠశాలలలో ప్రవేశించినది. 2011 నాటి రాజ్యాంగమున అధికార భాష యైనది. ఈ పండుగకు సెలవు దినముగా గుర్తింపు 2023లో లభించినది. ఆ సెలవు దినము జనవరి 14. మన సంక్రాంతియు, మన చుట్టునున్న తమిళ సోదరుల పొంగలియు ఆ దినములలోనే గదా!

తల్లిదండ్రులారా! మేమును ఒకప్పుడు బాలురు పొరుగిండ్ల వేడుకలకు పోవుటను అంతగా ప్రోత్సహింపలేదు. తెలుగు తగ్గునేమో యని భయపడితిమి. అది మా పొరపాటు. అతిథిని పిలిచినందున అమాజిగుల పండుగ తరిగిపోలేదు. తనదంటూ ఒక పండుగ గలవాడే ఇతరుల పండుగకు గౌరవముతో పోగలడు. మరల వారిని తన యింటికి పిలువగలడు. ఏమియు లేనివాడు ఎచ్చటికి పోయినను చూపరిగానే మిగులును.

కావున వచ్చు సంక్రాంతికి మీ బిడ్డచేత పొరుగింటికి అరిసెల పళ్లెము పంపుడు. వారిచ్చు చక్కెర పొంగలిని సంతోషముతో తీసికొని రానిండు. అరిసె యనగానేమో, ఆనాడు ముగ్గులో గొబ్బెమ్మ నేల పెట్టుదుమో ముందుగా ఇంట తెలుగున చెప్పి పంపుడు. రేపు మొరాకోలోనైనను, మరియెచ్చటనైనను పెద్ద పళ్లెము ముందు కూర్చున్నప్పుడు వానికి ఆ విద్యయే అక్కరకు వచ్చును.