సెంటోస్ 7తోనే సర్వర్ నడుపుతున్నారా? సైట్లు పడిపోకుండా అప్‌గ్రేడ్ ఇలా..

కరీంనగర్, ఆదిలాబాద్‌లో స్కూళ్లు, షాపుల వెబ్‌సైట్లు చూసుకునేవాళ్లు ఒక్కసారి తమ సర్వర్ ఏ ఓఎస్‌పై ఉందో చెక్ చేసుకోవాలి. 2014లో వచ్చిన సెంటోస్ 7కు 2024 జూన్ 30తోనే సపోర్ట్ ఆగిపోయింది. కొత్త లోపం బయటపడితే అందులోని సైట్లన్నింటికీ ముప్పే. అలాగని ఓఎస్‌ను ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే సీపానెల్ దెబ్బతిని సైట్లు, మెయిళ్లు ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇందుకోసం సీపానెల్ సంస్థే 'ఎలివేట్' అనే ఉచిత టూల్ ఇచ్చింది. ఇది సెంటోస్ 7ను ఆల్మాలైనక్స్ 8కి మారుస్తుంది. దీనికి 2029 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉంటాయి.

ముందు సర్వర్ స్నాప్‌షాట్ తీయాలి. బ్యాకప్ వేరే చోట దాచుకోవాలి. తర్వాత టూల్‌ను 'చెక్' మోడ్‌లో నడపాలి. అప్‌గ్రేడ్ మొదలవదు, అడ్డంకులేంటో మాత్రమే చెబుతుంది. పాత మైఎస్‌క్యూఎల్ 5.7 లాంటివి ఇక్కడే దొరుకుతాయి. అవి సరిచేశాకే, సైట్లకు జనం తక్కువగా వచ్చే రాత్రివేళ 'స్టార్ట్' ఇవ్వాలి.

మధ్యలో సర్వర్ చాలాసార్లు రీబూట్ అవుతుంది. కంగారుపడి ఆపేయొద్దు. ఒకసారి మొదలైతే వెనక్కి వచ్చే బటన్ లేదు, స్నాప్‌షాటే దిక్కు!