అసమీకరణములు – మాటల లెక్కలు

బీజగణితములో మాటల లెక్క అనగానే మన విద్యార్థులు పలువురు వెనుకంజ వేయుదురు. కూడికలు, తీసివేతలు రాక కాదు. మాటను గుర్తుగా మార్చుటలోనే చిక్కు ఉన్నదని మేము భావించుచున్నాము.

తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో అల్‌ఖ్వారిజ్మీ రచించిన గ్రంథము పేరులోని ‘అల్‌జబ్ర్’ అను పదమే ఆల్జీబ్రా అయినది. సమీకరణమునకు రెండు వైపులు సమానము. అసమీకరణములో ఒక వైపు హెచ్చు, ఒక వైపు తగ్గు. వీనిని తెలుపు >, < గుర్తులు థామస్ హారియట్ మరణానంతరము 1631లో అచ్చయిన గ్రంథములో కనిపించినవి.

ఇక మన పరవాడ లెక్క చూతము. ఇచ్చటి సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రములో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు గలవు. మొత్తము 2,000 మెగావాట్లు. ఒకనాడు కనీసము 1,200 మెగావాట్లు కావలెననుకొందము. నడుచు ప్రతి యూనిట్టు పూర్తి సామర్థ్యముతో నడుచుచున్నచో, ఎన్ని నడుపవలెను?

‘కనీసము’ అన్నను, ఉర్దూలో ‘కమ్ సే కమ్’ అన్నను చెవికి ‘తక్కువ’యే వినబడును. అందుచే కొందరు ≤ గుర్తు వేయుదురు. కాని 1,200కు తగ్గరాదని కదా భావము! కనుక ≥ వేయవలెను. ‘జ్యాదా సే జ్యాదా’, ‘గరిష్ఠముగా’ అన్నచో ≤ వేయవలెను.

నడుచు యూనిట్లు ‘య’ అనుకొనిన,
500య ≥ 1,200
య ≥ 2.4
యూనిట్టును ముక్కలు చేయలేము. కనుక కనీసము 3 నడువవలెను.

ఇదే ప్రశ్నను తిప్పి అడుగుదము: మరమ్మతుకై గరిష్ఠముగా ఎన్ని ఆపవచ్చును? ఆపినవి ‘ర’ అనుకొనిన,
2,000 – 500ర ≥ 1,200
–500ర ≥ –800
రుణసంఖ్యతో భాగించునపుడు గుర్తు తిరుగబడును. 2 కంటె 3 పెద్దది. కాని –2 కంటె –3 చిన్నది కదా! కనుక ర ≤ 1.6. ఒక్కటి మాత్రమే ఆపవచ్చును. మొదటి లెక్కలో పై పూర్ణాంకమునకు పోయితిమి. ఇచ్చట క్రిందికి దిగితిమి. ఏ వైపు పోవలెనో చెప్పునది సూత్రము కాదు, ప్రశ్నలోని భావమే.

గుర్తు తిప్పుట మరచినచో ర ≥ 1.6 వచ్చును, అనగా రెండు గాని అంతకు మించి గాని ఆపుమని జవాబు! రెండు ఆపిన మిగులునది 1,000 మెగావాట్లే. ఒక్క గుర్తు తప్పినచో కొన్ని ఊళ్ళకు చీకటి.

కావున విద్యార్థులు జవాబు వచ్చినంతనే కలము మూయక, దానిని ప్రశ్నలో ఉంచి సరిచూచుకొనవలెనని మా మనవి. మూడు నడుచును, ఒకటి ఆగును, మొత్తము నాలుగు. లెక్క సరిపోయినది.