కడుపుపుండు – సూక్ష్మజీవి జన్యువు

కడుపుపుండునకు కారమును, చింతయు కారణములని చిరకాలము చెప్పుచుండిరి. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున వారెన్, మార్షల్ అను వైద్యులు, నేడు హెలికోబాక్టర్ పైలోరీ యనబడు సూక్ష్మజీవిని పెంచి చూపిరి. 1984లో మార్షల్ దానిని తానే త్రాగి జబ్బుపడెను. సాహసమే!

ఈ జీవి అనేకుల కడుపులలో కలదు. పుండు కొందరికే పడును. దీని తెగలలో కొన్నింట కాగ్-ఏ అను జన్యువుండును. ఆ జన్యువు వలన పుట్టు ప్రోటీనును జీవి సూదివంటి సాధనముతో జీర్ణాశయ కణములలోనికి గ్రుచ్చును. కణములు రూపుచెడి, వాపు హెచ్చును. ఇట్టి తెగల వలన పుండు, క్యాన్సరు కలుగు ప్రమాదము అధికము. అయినను మన దేశమున ఆరోగ్యవంతులయందును ఈ తెగలు విరివిగా కనబడినవి. జన్యువొక్కటే దోషి యనరాదు.

పరీక్షలో జీవి బయటపడినచో వైద్యుడు సాధారణముగా 14 దినములకు మందులిచ్చును. నొప్పి తగ్గినదని నడుమ మానరాదు. మలము తారువలె నల్లబడినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను.