సమతలమును నేలపై గుర్తించుట

మూడుకాళ్ల పీట ఎంత ఎగుడుదిగుడు నేలపైనను కదలక నిలుచును. నాలుగుకాళ్ల బల్లకు మాత్రము ఒక కాలి క్రింద మడచిన కాగితము పెట్టవలసివచ్చును. ఒకే వరుసలో లేని మూడు బిందువుల గుండా పోవు సమతలము ఒక్కటే. నాల్గవ బిందువు దానికి లొంగవలెనను నియమము లేదు. నేటి కట్టడపు సర్వే అంతయు ఈ పీటపైననే కూర్చున్నదనవచ్చును.

శంషాబాదులో 2008 మార్చిలో ప్రారంభమైన రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. చూపునకు బల్లపరుపుగా తోచును గాని, ఇట్టి రన్‌వేలకు నడిమిగీత నుండి ఇరువైపులకు నూటికి 1 మొదలు 1.5 వరకు వాటముండవలెనని అంతర్జాతీయ నియమము. అనగా 30 మీటర్ల దూరములో అంచు 30 నుండి 45 సెంటీమీటర్లు దిగును. ఆ వాటము చాలకున్న వాననీరు నిలుచును, వేగముగా పోవు చక్రము నీటిపొరపై తేలును, బ్రేకు పట్టదు.

మన మేస్త్రీ డాబాకు వాటము దారముతోను, నీటిగొట్టముతోను పెట్టును. దారము చూపునది గీతను మాత్రమే. నేటి సర్వేయరు మూడు మూలల స్థానములను, ఎత్తులను చేతిలోని కంప్యూటరునకు ఇచ్చును. ఒక మూల నుండి పొడవున 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు, అడ్డముగా 10 మీటర్లకు 5 సెంటీమీటర్లు దిగవలెననుకొందము. పొడవున 4, అడ్డముగా 6 మీటర్ల చోట తల మొదటి మూలకంటె 4, 3 కలిసి 7 సెంటీమీటర్లు దిగవలెను. కడ్డీ నిలిపినచోట నేల 5 సెంటీమీటర్లే దిగియున్నచో, “2 సెంటీమీటర్లు త్రవ్వుము” అని యంత్రము చెప్పును. తక్కువైనచో మెరక వేయుమనును. అచట మేకు పాతి, గుర్తు పెట్టుదురు.

ఇందొక మెలకువ కలదు. మూడు బిందువులు దాదాపు ఒకే వరుసలో నున్నచో, కొలతలోని చిన్న తప్పు దూరమున పెద్దదగును. అందుచేత జాగ్రత్తపరులు నాలుగైదు బిందువులు కొలిచి, వానికి మిక్కిలి దగ్గరగా పోవు తలమును లెక్కింపజేసి, ఏ బిందువు ఎంత తప్పినదో చూతురు. యంత్రము తప్పు చెప్పదను నమ్మకము నాకు లేదు. తప్పుడు బిందువు నిచ్చినచో తప్పుడు తలమునే నిష్ఠగా చూపును.

సమతలములు నేలమీదనే గాక ఆకాశములోను కలవు. ఇట్టి విమానాశ్రయముల చుట్టు, నిర్ణీతమైన ఎత్తుకు 45 మీటర్ల పైన, కంటికి కనబడని మట్టమొకటి పరచియుండును. రన్‌వే కొసల దిశలో 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచు వాలుతలములు వేరుగా కలవు. వానిని చీల్చుకొని కట్టడములు లేవరాదు. శంషాబాదు ప్రాంతమున ఇల్లు కట్టదలచువారు గమనింపవలసినదేమన, ఈ ఎత్తులను ఇంటి అరుగు నుండి గాక సముద్రమట్టము నుండి లెక్కింతురు. విమానాశ్రయపు ఎత్తు సుమారు 617 మీటర్లు. పై మట్టము 662 అనుకొన్నచో, 640 మీటర్ల గుట్టపై స్థలము గలవానికి మిగులునది 22 మీటర్లే. పునాదికి ముగ్గు పోయక మునుపే స్థలపు ఎత్తు కొలిపించి, విమానాశ్రయముల ప్రాధికార సంస్థ అనుమతికి దరఖాస్తు పెట్టుకొనవలెను.