నెలలు నిండిన తల్లికి ఒక చిన్న పరీక్ష



తల్లికి జ్వరం లేదు, నొప్పి లేదు. కాన్పు సుఖంగా అయింది. అయినా మరునాటికే బిడ్డ పాలు తాగడం మాని, ఆయాసపడుతూ, ఒళ్లు చల్లబడిపోవచ్చు. గాలి సోకిందని కొందరు తాయెత్తు కడతారు. అలా చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇటువంటి జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల్లో ఒకటి గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్.

ఇది చాలామంది స్త్రీల పేగుల్లో, జననమార్గంలో ఏ బాధా కలిగించకుండా ఉంటుంది. కాన్పు సమయంలో బిడ్డకు చేరుతుంది. ఇది చెడు నడవడికకు గుర్తు కాదు. కాబట్టి అత్తమామలు గానీ భర్త గానీ ఆమెను నిందించకూడదు.

36, 37 వారాల మధ్య దూదిపుల్లతో నమూనా తీసి, ప్రయోగశాలలో పెంచి చూస్తారు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. సూక్ష్మజీవి ఉంటే పురిటినొప్పులు మొదలైనప్పుడు నరం ద్వారా పెన్సిలిన్ ఇస్తారు. కాన్పుకు కనీసం నాలుగు గంటల ముందు అందితే మేలు. ముందే మాత్రలు మింగితే చాలదు, అది మళ్లీ పెరుగుతుంది. పెన్సిలిన్ పడనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

అమెరికాలో 2002 నుండి గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలన్నారు. 1990ల మొదట్లో వెయ్యిమంది శిశువుల్లో దాదాపు ఇద్దరికి తొలివారంలోనే వచ్చిన ఈ జబ్బు, తరువాత సుమారు నాలుగువేలమందిలో ఒకరికి తగ్గింది.

మన దేశంలో ఇది అందరికీ చేసే పరీక్ష కాదు, కనుక మనమే అడగాలి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వైద్య కళాశాలలో సూక్ష్మజీవుల పరీక్షా విభాగం ఉంటుంది. ఈ పరీక్ష అక్కడ చేస్తారేమో తొమ్మిదో నెల రాగానే డాక్టరును అడగండి.

పరీక్ష చేయకపోయినా ఈ సంగతులు తప్పక చెప్పండి: మునుపటి బిడ్డకు ఈ జబ్బు రావడం, నెలలు నిండకముందే నొప్పులు రావడం, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటడం, నొప్పుల్లో జ్వరం. వీటినిబట్టి డాక్టరు మందు ఇస్తారు.

తొలి కాన్పుకు పుట్టింటికి పోవడం మన ఆచారం. జనగామలో చేసిన పరీక్ష భూపాలపల్లిలో కాన్పు చేసే డాక్టరుకు తెలియదు. అమ్మాయిని పంపేటప్పుడు చీరె, గాజులతోపాటు ఆ కాగితాలు కూడా సంచిలో పెట్టండి.